పున్నమి పేర్లు: పన్నెండు గడులూ నింపాలా?

ఎంవీపీ కాలనీ నుంచి

అందరికీ నమస్కారం. మా బడి సైన్సు గదిలో పెట్టడానికి పిల్లలు పున్నముల పటం ఒకటి తయారు చేస్తున్నారు. ఒక వరసలో అమెరికా పేర్లు రాశారు: జనవరికి తోడేలు, ఫిబ్రవరికి మంచు, ఏప్రిల్‌కు పింక్, జూన్‌కు స్ట్రాబెర్రీ, ఆగస్టుకు స్టర్జన్ చేప, ఇలా. పక్క వరసలో మన జానపద పేర్లు రావాలి.

ఇంతవరకు దొరికినవి ఇవి. వైశాఖానికి బుద్ధ పూర్ణిమ, జ్యేష్ఠానికి ఏరువాక పున్నమి, ఆషాఢానికి గురు పూర్ణిమ, శ్రావణానికి జంధ్యాల పున్నమి, ఆశ్వయుజానికి శరత్ పున్నమి, కార్తీకానికి కార్తీక పున్నమి, మార్గశిరానికి కోరల పున్నమి, మాఘానికి మాఘ పున్నమి, ఫాల్గుణానికి కాముని పున్నమి. చైత్రం, భాద్రపదం, పుష్యం గడులు ఖాళీగా ఉన్నాయి. వాటికి ఏం రాయాలి? ఇంకో సందేహం: ఏరువాకలో 'ఏరు' అంటే నదే కదా? పిల్లలు ఆ గడిలో వాగు బొమ్మ వేశారు.

సింహాచలం నుంచి

టీచరుగారూ, మంచి పని పెట్టుకున్నారు. ఖాళీ గడుల సంగతికి ముందు ఒక మాట. మన నెలల పేర్లే పున్నమి పేర్లు. పున్నమి నాడు చంద్రుడు చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ దగ్గరుంటే వైశాఖం, కృత్తిక దగ్గరుంటే కార్తీకం, మఖ దగ్గరుంటే మాఘం. అమెరికా వాళ్లు నేలమీద జరిగేదాన్ని చూసి పున్నమికి పేరు పెట్టారు. మనవాళ్లు ముందు ఆకాశంలో దాని పక్కనున్న చుక్కను చూసి పెట్టారు, ఆ పేరే నెలంతటికీ నిలిచింది. అచ్చతెలుగులో 'నెల' అన్నా చంద్రుడే. నెలవంక, వెన్నెల, శివుడికి నెలతాల్పు, అన్నిట్లోనూ ఆ నెలే ఉంది.

కాబట్టి మీ పటంలో మన వైపు ఒక వరస చాలదు, రెండు కావాలి. మొదటిది చుక్క పేరు. ఇందులో పన్నెండు గడులూ నిండుతాయి. రెండోది జనం నోట ఉన్న పేరు. ఇందులో నిండినన్ని నిండుతాయి.

చుక్కల వరస రాసేటప్పుడు పిల్లలు ఒకచోట తికమక పడతారు. 'కార్తీక పున్నమికి కృత్తికే ఉండాలి కదా, పంచాంగంలో రోహిణి అని ఉందేమిటి' అంటారు. నక్షత్రాలు 27, నెలలు 12, సమంగా పంచలేం. సూర్యసిద్ధాంతం తొమ్మిది నెలలకు రెండేసి, మూడు నెలలకు మూడేసి నక్షత్రాలు పంచింది. కార్తీకానికి కృత్తిక, రోహిణి. మార్గశిరానికి మృగశిర, ఆర్ద్ర. పుష్యానికి పునర్వసు, పుష్యమి. మాఘానికి ఆశ్లేష, మఖ. ఫాల్గుణానికి పుబ్బ, ఉత్తర, హస్త. చైత్రానికి చిత్త, స్వాతి. వైశాఖానికి విశాఖ, అనూరాధ. జ్యేష్ఠానికి జ్యేష్ఠ, మూల. ఆషాఢానికి పూర్వాషాఢ, ఉత్తరాషాఢ. శ్రావణానికి శ్రవణం, ధనిష్ఠ. భాద్రపదానికి శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర. ఆశ్వయుజానికి రేవతి, అశ్విని, భరణి. అధికమాసం వచ్చే ఏడాది ఇవి కూడా ఒక చుక్క అటూ ఇటూ జరుగుతాయి. పిల్లలకు 'దగ్గర' అని చెప్పండి, 'మీద' అని చెప్పకండి.

ఉత్తరాదిలో పున్నమితో నెల ముగిస్తారు, మనం అమావాస్యతో ముగిస్తాం. అయినా పున్నమి పేరు మారదు. రెండు లెక్కలు విడిపోయేది బహుళపక్షంలోనే. అందుచేత ఈ వరస కాశీలో పెట్టినా సరిపోతుంది.

అనకాపల్లి నుంచి

వాగు బొమ్మ మాత్రం తీసేయించండి టీచరుగారూ. తెలుగులో ఏరు రెండు. ఒకటి పారే ఏరు. రెండోది ఎడ్లను కట్టిన నాగలి, అంటే అరక. 'ఏరు కట్టడం' అంటే నాగలికి ఎడ్లను పూన్చడం. ఏరువాక అంటే దుక్కి మొదలుపెట్టడం. 'వాక'కు కూడా వాగు అనే అర్థం ఉండటంతో రెండు నీళ్ల మాటలు కలిసినట్టు కనిపిస్తుంది, అక్కడే చాలామంది పొరబడతారు. ఆ గడిలో నాగలి బొమ్మ వేయించండి. వేసేటప్పుడు మూడు భాగాలు కనిపించాలి: చేత్తో పట్టుకునే మేడి, భూమిలో దిగే ఇనప కర్రు, ఎడ్ల మెడమీద కాడి. కాడినీ నాగలినీ కలిపే పొడుగు కర్ర ఏడికోల. అది లేకుండా వేస్తే ఎడ్లు ఒకచోటా నాగలి ఒకచోటా నిలబడతాయి.

ఆ రోజు చేసేది ఇదీ. ఎడ్లను కడిగి కొమ్ములకు రంగు పూస్తారు, మెడకు గంటలు కడతారు. నాగలికీ కాడికీ పసుపు కుంకుమలు పెడతారు. పొంగలి వండి నైవేద్యం పెట్టి, ఎడ్లకు తినిపించి, పొలంలో తొలి చాలు తోలతారు. ఆ చాలు లాంఛనం, అసలు దుక్కి కాదు. అసలు దుక్కికి పదును కావాలి. గుప్పెడు మట్టి తీసి ఉండ చేసి నడుం ఎత్తునుంచి వదిలితే విరిగి పొడి కావాలి. ముద్దలాగే ఉండిపోతే తడి ఎక్కువ: అప్పుడు దున్నితే మట్టి మెత్తుకుని, ఎండాక పెళ్లలు రాయిలా గట్టిపడతాయి. ఉండే కట్టకపోతే తడి చాలలేదు: కర్రు దిగదు, ఎడ్లు అలసిపోతాయి.

పండగ తేదీకీ వానకూ పొత్తు ప్రతి ఏడాదీ కుదరదు. మృగశిర కార్తె సూర్యుడి లెక్క, జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. ఏరువాక పున్నమి చంద్రుడి లెక్క. అది 2023లో జూన్ 4న వచ్చింది, రోహిణి కార్తె ఇంకా పోలేదు, రోళ్లు పగిలే ఎండ. 2025లో జూన్ 11, దాదాపు సరిగ్గా తొలకరి వేళ. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో జూన్ 29కి పోయింది. అప్పటిదాకా నాగలి ఎత్తకుండా ఎవరూ కూర్చోరు. రైతు దుక్కికి కార్తెను చూస్తాడు, పూజకు పున్నమిని చూస్తాడు. పటం కింద ఈ ఒక్క వాక్యం రాయిస్తే పిల్లలకు చాంద్రమానం, సౌరమానం తేడా అక్కడే తెలుస్తుంది.

గాజువాక నుంచి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. అధికమాసం వస్తే ఏడాదికి పదమూడు పున్నములు కదా. ఆ పదమూడోదానికి పేరేమిటి? ఇంగ్లీషులో బ్లూ మూన్ అంటారు, టీవీలో 'నీలి చంద్రుడు' అంటున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

సింహాచలం నుంచి

ఒకటి కాదండి. అధిక పున్నమి అంటారు, అంతే. దానికి పండగ లేదు కాబట్టి జనం పేరూ లేదు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. ఆ తరుగు పూడ్చడానికి సుమారు 32 నెలలకోసారి ఒక నెల అదనంగా వస్తుంది, 19 ఏళ్లకు ఏడు. సూర్యుడు రాశి మారకుండా గడిచిన చాంద్రమాసమే అధికమాసం.

బ్లూ మూన్ లెక్క వేరు. ఇంగ్లీషు నెల ఒకదానిలో రెండు పున్నములు వస్తే రెండోదాన్ని ఇప్పుడు ఎక్కువమంది అలా అంటున్నారు. 2023 ఆగస్టు చూడండి. ఆ నెల 1న వచ్చింది అధిక శ్రావణ పున్నమి. 30, 31 తేదీల్లో వచ్చింది నిజ శ్రావణం, అంటే అసలైన జంధ్యాల పున్నమి. బ్లూ మూన్ అని పత్రికలు రాసింది ఈ రెండోదాన్నే. వాళ్లకు అదనమైనది మనకు అసలు, మనకు అదనమైనది వాళ్లకు మామూలు. 2026 మేలో మాత్రం రెండూ కలిశాయి. మే 1న వైశాఖ పున్నమి, 31న అధిక జ్యేష్ఠ పున్నమి, బ్లూ మూన్ కూడా అదే. ఇలా అప్పుడప్పుడూ కలవడం చూసి ఒకదాన్ని ఇంకోదానికి అనువాదంగా వాడితే 2023 లాంటి ఏడాదిలో తలకిందులవుతుంది. 'నీలి చంద్రుడు' అసలే వద్దు, చంద్రుడు నీలంగా కనిపిస్తాడని పిల్లలు మేడ ఎక్కి చూస్తారు.

సీతమ్మధార నుంచి

అదే చెప్పబోతున్నాను. స్ట్రాబెర్రీ మూన్‌తోనూ ఇదే చిక్కు. ఉత్తర అమెరికా ఆదివాసులు అడవి స్ట్రాబెర్రీలు పండే కాలమని ఆ పేరు పెట్టుకున్నారు. అక్కడి రైతుల పంచాంగాలు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. ఏప్రిల్ 'పింక్' కూడా అంతే, అక్కడ అప్పుడు పూసే ఫ్లాక్స్ పూల రంగు అది. చంద్రుడి రంగుతో ఏ సంబంధమూ లేదు. దిగంతం మీద అప్పుడే లేచిన చంద్రుడు ఏ నెలలోనైనా ఎర్రగానే ఉంటాడు. అడ్డంగా మందంగా ఉన్న గాలిలోంచి వచ్చే వెలుగులో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది.

పిల్లల చేత విశాఖలోనే చూపించగలిగిన తేడా ఒకటుంది, దాన్ని మూడో వరసగా పెట్టండి. జ్యేష్ఠ పున్నమి చంద్రుడు దక్షిణంగా నడుస్తాడు, ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తిన ఉండటానికి సరిగ్గా వ్యతిరేకం. మన అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు, కాబట్టి నడిరేయికి కూడా అతను 44 నుంచి 54 డిగ్రీల ఎత్తు దాటడు. మార్గశిర పున్నమి చంద్రుడు నడినెత్తికి పది, పదకొండు డిగ్రీల లోపే ఉంటాడు, చాలా ఏళ్లలో నెత్తి దాటి ఉత్తరానికే ఒరుగుతాడు. చంద్రుడి దారి సూర్యుడి దారికి ఐదు డిగ్రీలు వాలి, ఆ వాలు 18.6 ఏళ్లకోసారి చుట్టు తిరగడం వల్ల ఏటా ఈ అంకె కొంచెం మారుతుంది.

బీచ్ రోడ్డులో నిలబడితే ఉదయించే చోటూ మారుతుంది. మన తీరం ఆగ్నేయం చూస్తుంది. జ్యేష్ఠ పున్నమి చంద్రుడు దాదాపు మనకు ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. మార్గశిరంలో ఎడమ చేతి వైపు, భీమిలి దిక్కుగా జరిగి లేస్తాడు. సూర్యాస్తమయానికి పది నిమిషాల ముందే చేరాలి. పున్నమి నాడు చంద్రుడు లేచేది ఇంచుమించు సూర్యుడు గుంకే వేళకే. ఆ వెలుతురులో, మబ్బు ఉంటే, మొదటి పావుగంట కనబడడు. రాలేదనుకుని చాలామంది వెనక్కి వెళ్లిపోతారు.

భీమిలి నుంచి

మాఘ పున్నమి గడి గురించి. ఈ తీరంలో దానికి వేరే పేరు అక్కర్లేదు, ఆ రెండు మాటలూ అంటే సముద్ర స్నానమే. పూడిమడక, రేవుపోలవరం, అప్పికొండ తీరాలకు ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. 'మాఘ పున్నమి' అనే రాయండి, దాని కింద అల బొమ్మ వేస్తే చాలు.

పున్నమికీ సముద్రానికీ ఉన్న లంకె కూడా రాయవచ్చు. పున్నమికీ అమావాస్యకూ పోటు పెద్దది, అష్టములప్పుడు చిన్నది. విశాఖలో పెద్ద పోటుకూ పాటుకూ తేడా సుమారు 1.4 మీటర్లు, చిన్నవాటిలో అర మీటరు. అన్నిటికన్నా పెద్ద పోటు సరిగ్గా పున్నమి రోజే రాదు, ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమి దాటిన మర్నాడు స్నానానికి వెళ్లేవాళ్లు 'పున్నమి అయిపోయింది కదా' అని లోపలికి దిగుతారు. ఆ రోజే లాగుడు ఎక్కువ.

వేటకు వెళ్లేవాళ్లకు నిండు వెన్నెల పెద్దగా కలిసిరాదు. వెన్నెల్లో వల చేపకు కనిపిస్తుంది, దీపం వెలుగుకు చేరే కవళ్లలాంటి చేపలు చెదిరి ఉంటాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కాబట్టి ఆ మధ్య వచ్చే పున్నములకు రేవులో లెక్కే లేదు.

సింహాచలం నుంచి

మా కొండ సంగతి కూడా చేర్చండి, మన జిల్లా పిల్లలకు తెలిసినవి కాబట్టి. అప్పన్నకు చందనం పూసేది ఏడాదికి నాలుగు విడతలు. అక్షయ తృతీయ నాడు నిజరూప దర్శనం అయ్యాక మొదటిది, ఆ తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు ఒక్కోటి. విడతకు మూడు మణుగులు, సుమారు 125 కిలోలు. ఫాల్గుణ పున్నమికి డోలోత్సవం. స్వామి పెళ్లిచూపులకని కొండ దిగి వస్తాడు, వసంతాలు చల్లుకుంటారు. అందుచేత ఫాల్గుణం గడిలో కాముని పున్నమితో పాటు డోల పున్నమి అని కూడా రాయించండి. కాముని దహనం తెలంగాణలో ఊరూరా ఉన్నట్టు ఇక్కడ లేదు, మనది ఒడిశా వైపు మొగ్గిన డోల.

గిరి ప్రదక్షిణ విషయంలో మాత్రం జాగ్రత్త. అందరూ 'ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ' అంటారు గానీ నడక మొదలయ్యేది చతుర్దశి నాడు. కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పుఘర్, వెంకోజీపాలెం, కంచరపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ కిందికి, 32 కిలోమీటర్లు. రాత్రంతా నడిచేసరికి తెల్లారి పున్నమి. సెలవు పెట్టుకునేవాళ్లు పున్నమి తేదీ చూసి పెట్టుకుంటే ఒక రోజు ఆలస్యం.

తేదీల తగాదా ఇక్కడే కాదు, ప్రతి పున్నమికీ ఉంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య దూరంలో 12 డిగ్రీలు. పున్నమి తిథి 168 డిగ్రీల దగ్గర మొదలై 180 దగ్గర ముగుస్తుంది. చంద్రుడు పూర్తిగా నిండేది తిథి ఆఖరి క్షణంలో, మొదట్లో కాదు. అది 20 నుంచి 27 గంటల దాకా సాగుతుంది కాబట్టి తరచు రెండు తేదీల మీద పడుతుంది. రాత్రి చేసే పండగకు సాయంకాలం పున్నమి ఉన్న రోజు, పొద్దున చేసే పండగకు సూర్యోదయానికి పున్నమి ఉన్న రోజు తీసుకుంటారు. ఇంట్లో రెండు క్యాలెండర్లు వేర్వేరు తేదీలు చూపిస్తే ఒకటి తప్పని కాదు, ఒకటి వ్రతానికి, ఒకటి తిథికి రాసి ఉండవచ్చు.

అనకాపల్లి నుంచి

ఖాళీ గడుల మాటకు వద్దాం. చైత్రం, భాద్రపదం, పుష్యం ఖాళీగానే వదలండి. చైత్ర పున్నమికి ఉత్తరాదిలో హనుమజ్జయంతి చేస్తారు, మన దగ్గర హనుమజ్జయంతి వైశాఖ బహుళ దశమి. భాద్రపద పున్నమి మర్నాటి నుంచి మహాలయ పక్షం, అది పెద్దల రోజులు. పున్నమికి విడిగా పేరు రాలేదు. పుష్య పున్నమికి కొరాపుట్ వైపు అడవి పల్లెల్లో పుస్ పొరొబ్ అని పెద్ద పండగ చేస్తారు, కానీ అది ఒడియా పేరు. పక్కన 'ఒడియా' అని రాసి పెడితే తప్పులేదు. ఇంగ్లీషు హార్వెస్ట్ మూన్‌ను చూసి 'కోత పున్నమి' అనో 'పంట పున్నమి' అనో మనం పుట్టించకూడదు. అది శరద్విషువత్తు (సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) దగ్గరి పున్నమి. అప్పటికి మన వరి ఇంకా చిరుపొట్ట మీద ఉంటుంది.

ఎందుకింత పట్టుదల అంటే, పని ఉన్న పున్నమికే తెలుగువాళ్లు పేరు పెట్టారు. నాగలి కట్టే పని, జంధ్యం మార్చే పని, రొట్టె కొరికి కుక్కకు వేసే పని (కోరల పున్నమి నాటిది), దీపం పెట్టే పని, సముద్రంలో మునిగే పని. పని లేని చోట పేరు లేదు. ఖాళీ గడి కూడా పిల్లలకు ఆ సంగతి చెబుతుంది.

ఎంవీపీ కాలనీ నుంచి

చాలా సంతోషం అండీ. మూడు వరసలూ పెట్టిస్తాను, నాగలి బొమ్మ వేయిస్తాను. ఆఖరి సందేహం: అన్ని గడుల్లో ఒకే మాట ఉండాలా? పున్నమి, పౌర్ణమి, పూర్ణిమ, మూడూ కలిసిపోయాయి.

సింహాచలం నుంచి

కలపకండి. పూర్ణిమ సంస్కృతం. పున్నమి, పున్నమ ఆ మాట తెలుగు నోట నలిగి వచ్చిన రూపాలు. పౌర్ణమి 'పౌర్ణమాసి' నుంచి వచ్చింది. తెలుగు పేరు పక్కన పున్నమి, సంస్కృత పేరు పక్కన పూర్ణిమ బాగుంటాయి. ఏరువాక పున్నమి, జంధ్యాల పున్నమి, కోరల పున్నమి, కాముని పున్నమి ఒక తీరు. గురు పూర్ణిమ, బుద్ధ పూర్ణిమ, శరత్ పూర్ణిమ ఇంకో తీరు. 'ఏరువాక పూర్ణిమ' అంటే అరక పక్కన పట్టుపంచె కట్టినట్టుంటుంది. మీ జాబితాలో శరత్ పున్నమిని దిద్దండి, లేదా శరత్తు పున్నమి అని తెలుగు చేసేయండి. కార్తీకం, మాఘం రెండింటితోనూ కుదురుతాయి, అవి ఎలాగూ అందరి నోటా పున్నములే.

జంధ్యాల దగ్గర 'ద'కు ఒత్తు ఉందా లేదా అని పిల్లలు అడుగుతారు. యజ్ఞోపవీతానికి పాత తెలుగు మాట జన్నిదం. జందెం, జంధ్యం వాడుక రూపాలు. పండగ పేరుగా జంధ్యాల పున్నమే స్థిరపడింది, అదే రాయించండి. ఆ గడిలో రాఖీ పున్నమి అని కూడా చిన్నక్షరాలతో వేయించండి. ఈ తరం పిల్లలకు తెలిసింది అదే, అదీ పనిని బట్టి వచ్చిన పేరే.